అరగాలి, విరగకూడదు: గేర్ రాడ్ భాగాలు గట్టిగా చేసుకునే పద్ధతి

మూడో గేరులోంచి నాలుగులోకి లాగబోతుంటే అరచేతికి చిన్న 'టక్' తగిలింది. అంతే, గేర్ రాడ్ గిన్నెలో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరగడం మొదలుపెట్టింది. బండి మాత్రం మూడో గేరులోనే ఉండిపోయింది. ఆగిన ప్రతిచోటా మూడో గేరులోనే కదిలించుకుంటూ, క్లచ్ ప్లేటు మాడిన వాసన పీలుస్తూ ఇంటికి చేరాను. మర్నాడు సీట్ల మధ్య ఉండే కన్సోల్ విప్పి చూస్తే కింద పడి ఉన్నది బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు, కేబుల్‌కీ ఏమీ కాలేదు. రాడ్ అడుగున కేబుల్‌ని లాగే చిన్న చేయి దాని మొదలు దగ్గర పుటుక్కున విరిగింది.

నేను మెకానిక్‌ని కాను. పగలంతా మెషిన్ పార్టులకి డ్రాయింగులు గీసే ఉద్యోగం. ఆ ముక్క చూశాక చేతులు ఊరుకోలేదు. ప్లాస్టిక్ కాబట్టి విరిగింది, ఇనుముతో చేస్తే సరి అనుకుని 8 మి.మీ. మందం స్టీల్ పట్టీ కోసి, బెజ్జాలు వేసి, బిగించేశాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ స్టీల్ చేయి ఇప్పటికీ నా డబ్బాలో ఉంది, దాని మీద గీత కూడా పడలేదు. కానీ ఎనిమిది నెలలు తిరక్కుండా దాన్ని మోసే షిఫ్టర్ బేస్ (రాడ్ నిలబడే అడుగు భాగం) కీలు దగ్గర నిలువునా పగిలింది. చేయి ఒక్కటీ పోతే చేయి మార్చుకునేవాణ్ణి. బేస్ పోయేసరికి అసెంబ్లీ మొత్తం మార్చాల్సి వచ్చింది.

జరిగింది తేలిగ్గానే అర్థమవుతుంది. చేతి బలం నాబ్‌లోంచి రాడ్‌కి, అక్కణ్ణుంచి కీలుకి, కింది చేయికి, బాల్ జాయింట్‌కి (గిన్నెలో తిరిగే గుండు), కేబుల్‌కి, గేర్‌బాక్స్ మీది లివర్‌కి, లోపల గేర్లని జరిపే ఫోర్కుకి వరసగా వెళ్తుంది. మధ్యలో ఒకదాన్ని ఉక్కు చేస్తే ఆ బలం ఎక్కడికీ మాయమైపోదు, వరసలో తర్వాతి బక్కదాన్ని వెతుక్కుంటుంది. అందుకే ఇప్పుడు నేను పెన్సిల్ పట్టేముందు తేల్చుకునేది ఒకటే: ఈ వరసలో ముందు పోవాల్సింది ఏది, అది ఎలా పోవాలి? అన్నిటికంటే చవకది, చేతికి సులువుగా అందేది ముందు పోవాలి. అదీ నడిరోడ్డు మీద పుటుక్కుమని కాదు. మెల్లగా అరిగి, లూజై, నెలల ముందే కబురు చెప్పి పోవాలి. అంటే బుష్ (బెజ్జంలో కూర్చునే ప్లాస్టిక్ తొడుగు) అరగాలి. చేయి, కీలు, బేస్ విరగకూడదు. కింద రాసిందంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ చెప్పేది కేబుళ్ళతో నడిచే గేర్ రాడ్ గురించి. ఇంజన్ ముందు చక్రాల్ని తిప్పే కార్లలో చాలావాటికి రెండు కేబుళ్ళు ఉంటాయి: రాడ్ ముందుకీ వెనక్కీ కదిలితే ఒకటి, పక్కలకి కదిలితే ఇంకొకటి. కేబుల్ బదులు ఇనుప లింకులున్న పాత బండ్లకి ఆకారాలు వేరు, లెక్కలు ఇవే. వారంటీలో ఉన్న బండి అయితే ఈ పనికి దిగొద్దు.

విప్పే ముందు లూజు ఎక్కడో పట్టుకోండి

గేర్ రాడ్ లూజుగా ఉందనగానే చాలామంది రాడ్ కిందే వెతుకుతారు. ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, రాడ్‌ని గేరు పడనంత మేర మాత్రమే అటూ ఇటూ మెల్లగా ఆడించమనండి. మీరు బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర్లు చూడండి. కేబుల్ కన్ను (చివరి రింగు) కదులుతూ, దాని లోపలి పిన్ను కదలకుండా ఉంటే మీ రోగం అక్కడే ఉంది. ఆ కన్నులో ఉండే ప్లాస్టిక్ బుష్ ఇంజన్ వేడికి పెళుసుబారి పిండి పిండిగా రాలిపోవడం చాలా మామూలు. దానికి కేబుల్ టై చుట్టి నెట్టుకొచ్చేవాళ్ళని చూశాను. ఇల్లు చేరడానికి మంచిదే, అంతకుమించి నమ్మొద్దు.

నాబ్ దగ్గర కనిపించే లూజు చూసి బెదరకండి. నా బండిలో నాబ్ నుంచి కీలు వరకూ 180 మి.మీ., కీలు నుంచి కేబుల్ బాల్ వరకూ 45 మి.మీ. అంటే నాలుగింతలు. నాబ్ 20 మి.మీ. ఊగుతోందంటే కేబుల్ దగ్గర ఉన్న ఆట 5 మి.మీ. మాత్రమే, అదీ రెండు మూడు జాయింట్లు పంచుకున్నది. ప్రతి జాయింటు మీదా మార్కర్ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, రాడ్ ఆడిస్తూ ఏ గీత ఎంత విడిపోతోందో చూస్తే ఎవరి వాటా ఎంతో బయటపడుతుంది.

ఇంకో రెండు అనుమానాలు కూడా ముందే తీర్చుకోండి. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేరు బరువుగా పడుతుంది, అది రాడ్ తప్పు కాదు. ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ని మోసే రబ్బరు దిమ్మలు) చచ్చిపోతే ఇంజన్ ఊగినప్పుడల్లా రాడ్ కూడా ఊగుతుంది, లింకుల బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఈ రెండూ సరిచేయకుండా కొత్త పార్టు గీయడం కుంటి మనిషికి కొత్త చెప్పులు కొనడం లాంటిది.

విప్పేటప్పుడు చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ డబ్బా సరిగ్గా కన్సోల్ కిందే, రాడ్‌కి ముందు బిగించి ఉంటుంది. దాని పక్కన సుత్తి పని, గ్రైండర్ పని వద్దు. కేబుళ్ళ అడ్జస్టర్ ఎక్కడుందో ఫోటో తీసుకుని, గీత పెట్టుకున్నాకే లాక్ క్లిప్ తీయండి.

విరిగిన ముక్కని చదవడం

పాత ముక్కని పారేయొద్దు, అది సాక్షి. కిటికీ వెలుగులో విరిగిన ముఖాన్ని ఏటవాలుగా పట్టుకుని చూడండి. ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి సాగినట్టుంటే ఎవరో బలంగా గుంజారని అర్థం. మెరుస్తూ గాజు పెంకులా విరిగితే ముసలిదై పెళుసెక్కింది. లోహపు పార్టులో ఒక అంచు నుంచి అలల్లా సన్నటి గీతలు, చివర మాత్రం గరుకుగా విరిగిన చోటు కనిపిస్తే అది అలసట. పగులు ఎప్పుడో పుట్టి, రోజుకింత పాకి, చివరి రోజు మిగిలిన కాస్తా తెగిందన్నమాట. బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే అది విరిగే సమస్య కాదు, అరిగే సమస్య. దానికి మందం పెంచినా ఉపయోగం లేదు, బుష్ మార్చాలి.

నా ముక్క విరిగిన చోటు చేయి ఎక్కడ మందమైన బోడిపెను కలుస్తుందో అక్కడే, సూటిగా మడిచినట్టున్న లోపలి మూలలో. అంటే ప్లాస్టిక్ తప్పు సగం, మూల తప్పు సగం.

కొలతలు తీయడంలో ఒక జాగ్రత్త: అరిగిన చోట కొలిస్తే అరుగుడు కూడా మీ డ్రాయింగులోకి వచ్చేస్తుంది. అరగని అంచు వెతికి, వెర్నియర్‌తో మూడేసి సార్లు కొలవండి. బల్లపరుపు పార్టుకి నా చిట్కా ఫ్లాట్‌బెడ్ స్కానర్. పక్కన స్టీల్ స్కేలు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టి 300 డీపీఐలో స్కాన్ చేస్తే 25.4 మి.మీ.కి 300 చుక్కలు వస్తాయి. దాని మీద నేరుగా గీసేయొచ్చు. కానీ బెజ్జాల మధ్య దూరం మాత్రం స్కాన్‌ని నమ్మకుండా వెర్నియర్‌తో తీయండి. ఆ దూరం మారితే గేరు ప్రయాణమే మారిపోతుంది. బాల్ స్టడ్ తలలు ఎక్కువగా 8, 10, 13 మి.మీ. వ్యాసాల్లో వస్తాయి. మీది 9.8 చూపిస్తే అది అరిగిన 10 అయి ఉండొచ్చు, మెడకి దగ్గరగా అరగని చోట మళ్ళీ కొలవండి.

ఎంత బలం పడుతుంది?

సూట్‌కేసు తూచే కొక్కెం తక్కెడ ఒకటి చాలు. బండి నిలిపి, చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో, క్లచ్ పూర్తిగా నొక్కి, నాబ్‌కి తాడు కట్టి తక్కెడతో లాగాను. గేరు పడటానికి నా బండిలో 3 నుంచి 4 కిలోలు కావాలి. చలి పొద్దున ఇంకాస్త ఎక్కువ. రోజువారీ బలంగా నేను 10 కిలోలు, అంటే సుమారు 100 న్యూటన్లు తీసుకుంటాను. కోపంలో, కంగారులో మనిషి గుంజే బలం 30 కిలోలు, 300 న్యూటన్లు. నాలుగింతల లెక్కన కేబుల్ బాల్ దగ్గర ఇవి 400, 1200 న్యూటన్లు అవుతాయి.

ఇక చేయి మొదట్లో వంపు ఒత్తిడి. చేయి పొడవు 45 మి.మీ., రోజువారీ బలం 400 న్యూటన్లు, గుణిస్తే 18,000 న్యూటన్-మి.మీ. చేయి మందం 6, బలం పనిచేసే దిక్కులో వెడల్పు 18 మి.మీ. అనుకుందాం. వెడల్పుని వెడల్పుతో గుణించి, మందంతో గుణించి, 6తో భాగించండి: 324. ఆ 18,000ని 324తో భాగిస్తే 56 మెగాపాస్కల్, అంటే చదరపు మి.మీ. మీద 56 న్యూటన్లు. కోపం రోజున దీనికి మూడింతలు, 167.

6061-టి6 అనే గట్టిపరిచిన అల్యూమినియం రకం శాశ్వతంగా వంగడానికి దాదాపు 276 కావాలి. కాబట్టి 167 దగ్గర కూడా వంగదు. కోట్లసార్లు ఆడించినా తట్టుకునే అలసట హద్దు దానికి సుమారు 95, మన రోజువారీ 56 దానికి లోపలే ఉంది. గాజునార కలిపిన నైలాన్ అయితే 56 దగ్గర కొంతకాలం ఓర్చుకుంటుంది, 167 దగ్గర ఓర్చుకోదు. నా ముక్క కథ అంతే.

ఇప్పుడు అదే లెక్కలో వెడల్పు 18 నుంచి 24 చేసి చూడండి: 324 కాస్తా 576 అవుతుంది. కోపం రోజు ఒత్తిడి 167 నుంచి 94కి దిగింది. వెడల్పు మూడో వంతు పెంచితే ఒత్తిడి దాదాపు సగమైంది. అదే మందంతో ఆ ఫలితం రావాలంటే 6 మి.మీ.ని దాదాపు 10.7 చేయాలి, అంటే ముప్పాతిక వంతుకి పైగా పెంచాలి. అందుకని ముందు వెడల్పుకి చోటు వెతకండి. లోహం మార్చడం తర్వాతి మాట. ఒరిజినల్ పార్టు చుట్టూ కన్సోల్ లోపల ఎంత ఖాళీ ఉందో మైనం ముద్ద పెట్టి, రాడ్‌ని అన్ని గేర్లకీ తిప్పి చూడండి. ముద్ద ఎక్కడ నొక్కుకుంటే అక్కడ చోటు లేదని అర్థం.

మూలలూ బెజ్జాలూ

ఈ లెక్కలన్నీ నున్నటి పట్టీకి. ఒక సూటి లోపలి మూలో, బలం దారిలో ఒక బెజ్జమో పెడితే ఆ చోట ఒత్తిడి రెండు మూడింతలు పెరుగుతుంది. లాగుడులో ఉన్న వెడల్పాటి పలకలో గుండ్రటి బెజ్జం అంచున మూడింతలు. నేను లోపలి మూలలన్నిటికీ కనీసం 3, చోటుంటే 4 మి.మీ. వ్యాసార్ధం ఇస్తాను. బెజ్జం మధ్య నుంచి పార్టు అంచుకి బెజ్జం వ్యాసానికి రెండింతలు వదులుతాను. కోశాక అంచులన్నీ ఆకురాయితో విరిచి, గరుకు కాగితంతో గీతలు పొడవునా రుద్దుతాను. అడ్డంగా మిగిలిన ఒక్క రంపపు గీత చాలు, పగులు అక్కడే పుడుతుంది.

దీన్ని కళ్ళారా చూసింది బకెట్టుతో. నైలాన్‌తో 10 మి.మీ. మందం, 22 మి.మీ. వెడల్పు ఉన్న చేయిని త్రీడీ ప్రింటర్‌లో ప్రింట్ చేసి, కీలు వైపు వైస్‌లో బిగించాను. రెండో చివరకి రెండు క్లాంపులతో ఒక ఇనుప కడ్డీ కట్టి, కీలు బెజ్జం నుంచి సరిగ్గా 45 సెం.మీ. దూరంలో ఖాళీ బకెట్టు తగిలించి, లీటరు మగ్గుతో నీళ్ళు పోస్తూ వచ్చాను. దూరం పదింతలు కాబట్టి లీటరు నీళ్ళు చేయి చివర 10 కిలోల లెక్క. ఆరో లీటరుకి సూటి మూల దగ్గర టక్‌మని తెగింది. అదే ప్లాస్టిక్, అదే కొలత, మూల మాత్రం 4 మి.మీ. గుండ్రం చేసి మళ్ళీ ప్రింట్ చేస్తే తొమ్మిది దాకా నిలిచింది. గదంతా నీళ్ళు, మోకాలి మీద బకెట్టు దెబ్బ, కానీ ఏ పుస్తకమూ అంత గట్టిగా నేర్పలేదు. బకెట్టు కింద మీ పాదాలు పెట్టకండి.

మన లెక్క ప్రకారం కోపం రోజుకి సరిపోవాలంటే బకెట్టుతో కలిపి 12 కిలోలు మోయాలి. అల్యూమినియం చేయి 18 కిలోలు మోసి, దించాక వంపు మిగలకుండా నిలబడితేనే నేను బండికి బిగిస్తాను.

దేంతో చేయాలి

చేయికి నా ఎంపిక 6 మి.మీ. లేదా 8 మి.మీ. మందం 6061-టి6 పలక. రంపంతో కోయొచ్చు, ఆకురాయికి లొంగుతుంది, తుప్పు బెడద తక్కువ. 7075 రకం అల్యూమినియం దీనికంటే చాలా గట్టిది, కానీ ఈ పనికి ఆ గట్టిదనం అక్కర్లేదు. ఒక్క మాట: టి6 పలకని వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ బలం దాదాపు సగానికి పడిపోతుంది. వెల్డింగ్ తప్పదనుకుంటే మామూలు మైల్డ్ స్టీల్ తీసుకోండి, దాని బలం అల్యూమినియానికి దగ్గరగానే ఉంటుంది, బరువే మూడింతలు.

నైలాన్ మంచిదే, కానీ తేమ తాగుతుంది. తాగిందంటే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. 30 శాతం గాజునార ఉన్న నైలాన్ 66 కూడా గాలిలోని తేమ పట్టాక బలంలో సుమారు మూడో వంతు పోగొట్టుకుంటుంది. బుష్‌లకి అందుకే నేను ఎసిటాల్ అనే ప్లాస్టిక్ వాడతాను, చాలామంది డెల్రిన్ అని పిలిచేది ఆ జాతే. తేమ దాదాపు పట్టదు, జారుడు గుణం ఉంది, లేత్ మీద చక్కగా తెగుతుంది.

త్రీడీ ప్రింట్ గురించి ఉత్సాహపడేవాళ్ళకి: ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో ఎండ తగిలే ప్లాస్టిక్ అంతకంటే వేడెక్కుతుంది. కాబట్టి పీఎల్ఏ ముక్కని కొలత సరిచూసే డమ్మీగా మాత్రమే వాడండి. అందుకు అది బంగారం: పొద్దున గీసి, మధ్యాహ్నం బిగించి చూసి, సాయంత్రం సరిదిద్దొచ్చు. బలానికి ప్రింట్ చేయాల్సి వస్తే పార్టుని పడుకోబెట్టి, లాగుడు పొరల పొడవునా వెళ్ళేలా ప్రింట్ చేయండి. నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరకీ పొరకీ మధ్య పుస్తకంలా విడిపోతుంది. లోపలి నింపుడు పెంచడం కంటే గోడలు ఐదారు పెట్టడం మేలు. లేకపోతే పైన పటారం, లోన లొటారం.

బుష్: అసలు పనంతా ఇక్కడే

ముందు పోవాల్సింది బుష్ అనుకున్నాం. దాన్ని పోనివ్వడం కూడా గీసే పనే. మూడు ముక్కలుగా ఆలోచించండి: బయట అల్యూమినియం చేయి, మధ్యలో ఎసిటాల్ బుష్, లోపల నున్నటి స్టీల్ గొట్టం. బోల్టు ఆ గొట్టం గుండా వెళ్తుంది.

గొట్టం ఎందుకంటే, బోల్టుని నేరుగా ప్లాస్టిక్ గుండా పెట్టి బిగిస్తే రెండే దారులు. గట్టిగా బిగిస్తే బుష్ నలిగి రాడ్ పట్టేస్తుంది, వదులుగా బిగిస్తే నట్టు ఊడుతుంది. గొట్టం బుష్ కంటే 0.2 మి.మీ. పొడవుంటే బోల్టు బలమంతా గొట్టం మీద పడుతుంది, బుష్ స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ 0.2 మి.మీ. లేని రోజున నేను బోల్టు తిప్పుతూ, వదులుతూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఇంకోటి, మర ఉన్న భాగం ఎప్పుడూ బుష్ లోపలికి రాకూడదు. మర అంటే ఆకురాయే, వారంలో బుష్‌ని తినేస్తుంది.

కొలతలు నావి చెప్తాను. గొట్టం బయటి వ్యాసం 10.00. బుష్ లోపలి వ్యాసం బిగించాక 10.08 రావాలి. బుష్ బయటి వ్యాసం 16.10, చేయిలో బెజ్జం 16.00. ఆ 0.1 బిగింపు వల్ల బుష్‌ని నొక్కి కూర్చోబెట్టగానే లోపలి బెజ్జం కూడా ఇంచుమించు అంతే ముడుచుకుంటుంది. అందుకే లోపలి బెజ్జాన్ని కాస్త తక్కువగా తీసి, చేయిలో కూర్చోబెట్టాకే రీమర్‌తో (బెజ్జాన్ని కచ్చితమైన కొలతకి చెక్కే పనిముట్టు) చివరి కొలతకి తెస్తాను. ఈ వరస తిరగేస్తే గొట్టం దూరదు. నొక్కడానికి సుత్తి వద్దు, వైస్ దవడల మధ్య రెండు చెక్క ముక్కలు పెట్టి తిప్పండి. బుష్ అంచుకి 45 డిగ్రీల చెక్కుడు ఉంటే తిన్నగా దిగుతుంది.

వేడికి ఎసిటాల్ ఉక్కు కంటే దాదాపు తొమ్మిదింతలు పెరుగుతుంది. 10 మి.మీ. మీద 50 డిగ్రీల తేడాకి 0.05 మి.మీ. చిన్నదే, కానీ మీరు వదిలిన సందే 0.08. పొద్దున నున్నగా తిరిగి మధ్యాహ్నం పట్టేస్తోందంటే కారణం ఇదే.

బాల్ కూర్చునే గిన్నె కూడా ఎసిటాల్‌తోనే తీశాను. 10 మి.మీ. బాల్‌కి మూతి 9.6, నాలుగు చీలికలు, మూతి బయట చెక్కుడు. బొటనవేలితో గట్టిగా నొక్కితే 'కటక్' మని కూర్చుంటుంది. తీయాలంటే వెడల్పు స్క్రూడ్రైవర్ కావాలి. చీలికల చివర చిన్న గుండ్రటి బెజ్జం వేయడం మరిచిపోకండి. పైన చెప్పిన మూల కథే ఇక్కడా.

దీని బదులు ఇనుప రాడ్ ఎండ్ బేరింగ్ (ఉక్కు గిన్నెలో ఉక్కు గుండు ఉన్న జాయింటు) పెడితే అసలు లూజే ఉండదు కదా అని అడుగుతారు. పెట్టాను. మొదటి వారం తుపాకీ బోల్టులా కటకటమని గేర్లు పడ్డాయి, గర్వపడ్డాను. తర్వాత ఇంజన్ వణుకంతా ఉక్కు దారిలో నేరుగా నాబ్‌లోకి వచ్చింది. ఒక వేగం దగ్గర నాబ్ తేనెతుట్టెలా జుమ్మనేది. దుమ్ము చేరాక ఆ బేరింగు కూడా ఆడటం మొదలైంది. రేసు బండికి సరే, రోజూ నడిపే బండికి ప్లాస్టికే నయం.

బాల్ ఉన్న స్టడ్డు సంగతి: 6 మి.మీ. అల్యూమినియంలో ఎం6 (6 మి.మీ. వ్యాసం) మర కొట్టి వదిలేయొద్దు, ఆ లోతు చాలదు. దాటించి, వెనక నైలాక్ నట్టు (ఊడకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది) వేయండి. థ్రెడ్ లాక్ ద్రవం వాడితే చుట్టుపక్కల ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ మీద పడకుండా చూసుకోండి, వాటికి పగుళ్ళు తెప్పిస్తుంది. గ్రీజు పల్చగా, సిలికాన్ రకం. అన్ని బోల్టులకీ గుప్పెడేసి గ్రీజు రాసే అలవాటు ఇక్కడ దుమ్ముని పిలవడానికే పనికొస్తుంది.

ప్రయాణం తగ్గించాలనే ఆశ

చేయి ఎలాగూ కొత్తగా చేస్తున్నాం, కాస్త పొడవు పెంచి షార్ట్ షిఫ్టర్ చేసేద్దాం అనిపిస్తుంది. 45ని 55 చేస్తే నాబ్ ప్రయాణం సుమారు 18 శాతం తగ్గుతుంది. బలం మాత్రం 22 శాతం పెరుగుతుంది. గేర్ల వేగాలు కలిపే సింక్రో రింగుకి తన పని చేయడానికి కాస్త సమయం కావాలి, మీరు తొందరపెడితే గరగరమంటుంది. ఇంకోటి, ఏ పొడవు చేయి అయినా వంపు తిరిగేటప్పుడు కేబుల్‌ని పక్కకి కూడా లాగుతుంది. 45 మి.మీ. చేయి 20 డిగ్రీలు తిరిగితేనే కేబుల్ చివర దాదాపు 2.7 మి.మీ. పక్కకి జరుగుతుంది. అందుకే న్యూట్రల్‌లో చేయి కేబుల్‌కి లంబంగా నిలిచేలా గీయండి. నేనైతే పొడవు ముట్టుకోలేదు.

పక్కలకి తోసే స్ప్రింగు విషయంలోనూ అంతే. అది మెత్తబడితే నాలుగు అనుకున్నది రెండులో పడి ఇంజన్ హద్దు దాటి అరుస్తుంది. పాతబడితే అదే గట్టిదనం ఉన్న కొత్తది వేయండి. రివర్స్ లాక్ రింగు, దాని కొక్కెం జోలికి అసలు వెళ్ళొద్దు.

బిగించాక

ఇంజన్ ఆపి ఉండగా ప్రతి గేరూ వేసి, గేరు పూర్తిగా పడ్డాక కూడా రాడ్‌కీ కన్సోల్ అంచుకీ, చేయికీ బేస్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉందో లేదో టార్చి వేసి చూడండి. గేరు పూర్తిగా పడకముందే రాడ్ దేనికైనా తగిలితే లోపల పళ్ళు సగమే కలుస్తాయి. రోడ్డు మీద గేరు జారి బయటికి వస్తుంది, కొన్నాళ్ళకి ఆ పళ్ళ అంచులు గుండ్రబడతాయి. అప్పుడు మీ చేయి ఎంత గట్టిదైనా గేర్‌బాక్స్ దించాల్సిందే. రాడ్ చుట్టూ ఉండే తోలు తొడుగు (బూటు) వేశాక మళ్ళీ ఒకసారి చూడండి. నాకు ఒకసారి రెండో గేరులో బూటు మడత అడ్డుపడింది.

తర్వాత క్లచ్ నొక్కి, నిలిపిన బండిలోనే వంద సార్లు గేర్లు మార్చి, బోల్టుల మీద పెట్టిన మార్కర్ గీతలు కదిలాయేమో చూస్తాను. మొదట ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపుతాను. వెయ్యి కిలోమీటర్ల తర్వాత కన్సోల్ మళ్ళీ విప్పి బుష్ చుట్టూ తెల్లటి పొడి ఉందా, చేయి మూల దగ్గర వెంట్రుకవాసి గీత ఏమైనా వచ్చిందా అని భూతద్దంతో వెతుకుతాను. పొడి కొద్దిగా ఉంటే బుష్ తన పని తను చేస్తోందన్నమాట. గీత కనిపిస్తే ఆ చేయి చెత్తబుట్టకే, మరో ఆలోచన లేదు.

స్టీల్ దాని తర్వాత ఇలా చేసిన అల్యూమినియం చేయి బిగించి నాలుగేళ్ళయింది. పోయిన నెల నాబ్ మళ్ళీ కాస్త ఊగుతున్నట్టు అనిపించింది. తోలు బూటు పైకి లాగి, పక్కనున్న బోల్టు తీసి, చేయిని బయటికి లాగి, అరిగిన బుష్‌ని వైస్‌లో పెట్టి తోసేసి, డబ్బాలో చుట్టి పెట్టుకున్న కొత్తది నొక్కి, రీమర్ తిప్పి, గొట్టం తుడిచి మళ్ళీ పెట్టేశాను. అరగంట పట్టింది, కన్సోల్ విప్పే పని పడలేదు. పాత బుష్‌ని వెర్నియర్‌తో కొలిస్తే బలం పడే వైపు 10.08 కాస్తా 10.46కి వచ్చింది. చేయి మీద ఏ గీతా లేదు.